పన్నెండు మిల్లీమీటర్ల గడప

రెండు వేల ఇరవై రెండు, ఆషాఢమాసం. పెళ్లిళ్లు లేక ధర్మవరం పట్టుచీరల అంగళ్లన్నీ ఆవులిస్తూ కూర్చునే నెల. నాకు హిందూపురంలో తలుపుల పని. ఇళ్ల తలుపులు కాదు. ఆస్పత్రులు, బ్యాంకులు, హోటళ్లు, షోరూములు, అంటే నలుగురూ వచ్చిపోయే చోట ఉండే తలుపులు. అద్దంవి, అల్యూమినియంవి, టేకువి, ఏవి కావాలంటే అవి కొలిచి, గీసి, చేయించి, నిలబెట్టి వస్తాను. ఊళ్లో గంగాధర్ అంటే ఎవరికీ తెలియదు. డోర్ల గంగాధర్ అంటే ఆటోవాళ్లే తెచ్చి మా అంగడి ముందు దించుతారు.

ఇన్నేళ్లు ఈ పనిలో ఉండి నాకొక జబ్బు పట్టుకుంది. కలలన్నీ తలుపులే. పొడుగాటి వరండా, రెండు పక్కలా తలుపులు. నేను నడుస్తుంటే ఒక్కొక్కటే తెరుచుకుని, నేను దాటాక మెల్లగా మూసుకుంటాయి. లోపల దీపం వెలుగు కనిపిస్తుంది, మాటలు వినిపిస్తాయి, మనిషి ముఖం మాత్రం ఎప్పుడూ కనపడదు. నిద్రలో నా చెయ్యి గాలిలో స్క్రూలు బిగిస్తుందట. "పగలంతా అంగట్లో బిగించింది సాలక, ఇంటికొచ్చి నా నెత్తిన బిగిస్తాండాడు" అని మా ఆవిడ చుట్టాల ముందు పరువు తీస్తుంది.

ఆ ఆషాఢంలో ధర్మవరం నుంచి నాగభూషణం ఫోన్ చేశాడు. బజారు వీధిలో వాళ్లది తాతల కాలం నాటి పట్టుచీరల అంగడి. పైన ఇంకో అంతస్తు లేపి పెద్ద షోరూము చేయాలని ప్లాను పెట్టుకున్నాడు. మున్సిపాలిటీలో ప్లాను చూసిన ఆఫీసరు, అంతా బాగుంది గాని ముందు వాకిలి నిబంధనలకు సరిపోదని వెనక్కి పంపాడట.

"యాక్సెసిబిలిటీ అంటన్నా, ఏందో. నడవలేనోళ్లు గుడక వాళ్లంతట వాళ్లు లోపలికి వచ్చేట్ల వాకిలి ఉండాలంట. మా తాత కట్టించిన వాకిలి, దానికేం రోగం? నువ్వొక తూరి వచ్చి చూడన్నా" అన్నాడు.

చదివేవాళ్ల కోసం ఒక ముక్క చెప్పాలి. ప్రజలు వచ్చిపోయే కట్టడాలకు దివ్యాంగుల హక్కుల చట్టం కింద కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. రాష్ట్రానికి దాని భవన నిబంధనలు దానికున్నాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని, ఏది కఠినంగా ఉంటే దాన్నే పట్టుకోవడం నా అలవాటు, అప్పుడు ఎవరు తనిఖీకి వచ్చినా గొడవ ఉండదు. తలుపు వరకు వస్తే ముఖ్యమైనవి కొన్నే. ఒకటి క్లియర్ విడ్త్, అంటే తలుపు పూర్తిగా తెరిచాక రెక్క మందం పోను మనిషి దూరడానికి మిగిలే ఖాళీ. అది తొమ్మిది వందల మిల్లీమీటర్లకు తగ్గకూడదు. రెండోది థ్రెషోల్డ్, అంటే గడప. ఉంటే పన్నెండు మిల్లీమీటర్ల ఎత్తు దాటకూడదు, దాని అంచు కూడా వాలుగా ఉండాలి. ఇక పిడి గుండ్రంగా కాకుండా మోచేత్తో నొక్కినా తెరుచుకునేట్టు ఉండాలి, తలుపు బరువుగా తగలకూడదు.

హిందూపురంలో పొద్దున బండెక్కాను. పెనుకొండ దగ్గర పడేసరికి కొండ మీద మబ్బు దిగి ఉంది. ఆ కొండను కిటికీలోంచి చూసినప్పుడల్లా నాకు మాటలు నిలిచిపోతాయి. గుండ్ల మధ్య నుంచి పాత కోట గోడ కనిపించి, మబ్బులో కలిసిపోయి, మళ్లీ ఇంకో చోట కనిపిస్తుంది. పక్క సీటాయన ఏదో అడిగాడు, నేను వినిపించుకోలేదు. ధర్మవరం స్టేషను వచ్చాకే నేను ఈ లోకంలోకి వచ్చాను.

అంగడి వాకిలి చూసి ముచ్చటేసింది. రెండు రెక్కల టేకు తలుపు, ఇత్తడి బొడ్డెలు. కింద బెత్తెడు ఎత్తు గడప. ముందున్న రాతి మెట్లు జనం నడిచీ నడిచీ మధ్యలో గుంతలు పడ్డాయి. గడప మాత్రం నిన్న చేసినట్టు ఉంది, అంచు కూడా అరగలేదు. మా వైపు గడపను ఎవరూ తొక్కరు కదా, అందరూ కాలెత్తి దాటేవాళ్లే. శుక్రవారం శుక్రవారం పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, ఆ చెక్క మామిడిపండు రంగుకు తిరిగింది.

నేను టేపు పట్టుకుని కొలుస్తుంటే ఒకమ్మాయి చక్రాల కుర్చీలో వచ్చి మెట్ల కింద ఆగింది. ముప్పై ఏళ్లుంటాయి. ఒళ్లో గుండ్రంగా చుట్టిన కాగితాలు. నాగభూషణం అంగట్లోంచి లేచి, గడప దాటి, మెట్లు దిగి వెళ్లి ఆ కాగితాలు తీసుకున్నాడు. గడపకు అటొకరు ఇటొకరు ఉండి ఇచ్చిపుచ్చుకోకూడదు, అది కూడా మా వైపు పట్టింపే.

"ఈ పాప పద్మావతన్నా. మన చీరలకి డిజైన్లు గీసేది ఈమే" అని చెప్పాడు నాకు.

నేనూ మెట్లు దిగితే, ఆమె అందులో ఒక గళ్ల కాగితం తీసి విప్పి చూపించింది. ఒక్కో గడి ఒక్కో దారం. అంచు మొదలు కొంగు దాకా ఏ పువ్వు ఎక్కడ పూయాలో ఆ గళ్లలో నింపుతుంది, దాన్నిబట్టి మగ్గం మీద నేస్తారు. ఆ రోజు తెచ్చిన కాగితంలో చిన్న చిన్న ఆకులు, వాటి మధ్య పసుపుపచ్చ పూలు. ఎక్కడో చూసినట్టే ఉంది గాని ఏ పువ్వో గుర్తుకు రాలేదు.

"వాకిలి మారుస్తాండారంట గదన్నా. ఎప్పటికి అయితాది?" అని నన్నే అడిగింది.

"నీకెందుకు తొందర?" అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. "కౌంటర్లో కూచుంటానని అడిగినాన్నా. ఇన్నేండ్లు గీసినాను. నేను గీసిన చీర కొన్న మనిషి ముఖం ఒక్కటీ చూడల్యా. ఆ చీర చూసి ఏమనుకున్నారో, నచ్చి పట్టుకున్నారో, పక్కన పడేసినారో నాకి తెలీదు. కాగితం ఈడ ఇచ్చేది, పోయేది. అంతే."

నాగభూషణం చెడ్డవాడు కాదు, వ్యాపారి. ఉన్నమాట నా ముందే చెప్పాడు. "నీ అంతట నువ్వు లోపలికొచ్చి, నీ అంతట నువ్వు బయటికి పోతే ఆ సీటు నీదే పాపా. దినామూ ఎత్తి దించేదానికి మనుషుల్ని పెట్టాలంటే నాతో కాదు. శ్రావణంలో కౌంటర్లో ఇంకో మనిషిని పెట్టుకోవాల. అప్పటికి వాకిలి కుదిరితే నువ్వు, లేకుంటే ఇంకొకరు."

"ఎత్తేది నాకీ వద్దన్నా. బియ్యం మూట ఎత్తినట్ల ఎత్తుతారు" అంది పద్మావతి. కుర్చీ తిప్పుకుని వీధిలోకి పోయింది. ఎండలో ఆ చక్రాల పుల్లలు కాసేపు మెరిసి, మలుపు దగ్గర కనపడకుండా పోయాయి.

అసలు చిక్కు నాగభూషణం వాళ్లమ్మ దగ్గర వచ్చింది. ఎనభై దాటిన అవ్వ. పేరు ఏదైనా ఊరందరికీ లక్ష్మమ్మవ్వ. గల్లాపెట్టె పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. గడప తీసేయాలని నేనన్న మాట ఆమె చెవిన పడింది.

"ఏమప్పా, హిందూపురం నుంచి నా అంగట్లో గడప పెరికే దానికొచ్చినావా?"

"నేను కాదవ్వా. గవర్మెంటు రూలు."

"గవర్మెంటుకి ఇల్లుండాదా, వాకిలుండాదా? గడప లేని ఇంట్లో లక్ష్మి యాడ నిలుస్తాది? నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చిన దినం చెంబు తన్నింది ఈ గడప మిందనే. దీన్ని తీసేది లేదు."

అరగంట వాదించాను. పన్నెండు మిల్లీమీటర్లంటే ఎంతో వేలి గోరు చూపించి చెప్పాను. "అంత గోరంత గడప నాకెందుకు?" అంది. నాకు కోపం వచ్చింది గాని ఆమె ముందు నోరు లేస్తుందా ఎవరికైనా. చివరికి నాకే ఒక ఉపాయం తట్టింది. గడప తీయొద్దు. నేలలో దాని మందానికి సరిగ్గా కాలువ కొట్టించి, ఇదే చెక్కను అందులో పడుకోబెడదాం. పైభాగం నేలతో సమానంగా ఉంటుంది. రూలుకు రూలు, గడపకు గడప.

అవ్వ కుర్చీలోంచి ముందుకు వంగింది. "గడప ఆడనే ఉంటాది గదా?"

"అంగుళం కూడా జరగదవ్వా."

"పసుపు పూసుకోవచ్చా?"

"నిక్షేపంగా."

"సరే పో. ఆషాఢంలో వాకిలి ఎత్తేది మాత్రం వద్దు. శ్రావణం రానీ" అంది. నా తెలివికి నాకే ఒళ్లు పొంగిపోయింది. తిరుగు బండిలో పెనుకొండ దాకా నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను.

పెనుకొండలో దిగడం ఎందుకంటే అక్కడే నా పనులకు చెక్క కోసే బ్రహ్మయ్య ఆచారి ఉన్నాడు. కొండ కింద రేకుల షెడ్డు, లోపలంతా టేకు వాసన, పొట్టు మెత్తగా కాళ్ల కింద పరుచుకుని ఉంటుంది. పాత తలుపు రెండు రెక్కలూ సమానం. ఒక్కటి తెరిస్తే సన్నటి మనిషే పక్కకు తిరిగి దూరాలి, రెండూ తెరిస్తే ఏసీ గాలంతా బజారుపాలు. రెండు రెక్కలుంటే అందులో ఒక్కదాన్ని తెరిచినా కావలసిన ఖాళీ రావాలన్నది రూలు. అందుకే అదే ద్వారబంధంలో ఒక రెక్క వెడల్పుగా, ఒక రెక్క సన్నగా గీశాను. వెడల్పుది రోజువారీకి, సన్నది గొళ్లెం వేసి ఉంచడానికి.

ఆచారి డ్రాయింగు చూసి గడ్డం గోక్కున్నాడు. "పెద్దరెక్క, చిన్నరెక్క. మొగుడూ పెండ్లాం మాదిరి ఉండాది" అన్నాడు.

"ఎవరు పెద్ద?"

"మా ఇంట్లో అయితే ఆయమ్మే. మీ ఇంట్లో సంగతి నాకేం తెలుసు?" అని, పైకి కొండవైపు చూపించాడు. "ఆ కోట వాకిలి చూడు. ఏనుగులు పోయే దోవకి గడపెవురు పెడతారు? రాజులకి గుడక ఈ రూలు తెలుసు."

శ్రావణం తొలివారంలో మంచిరోజు చూసి వాకిలి ఎత్తాం, అంటే పాత రెక్కలు దించి కొత్తవి బిగించాం. ముందు మెట్ల పక్కన మేస్త్రీ చేత వాలుదారి కట్టించాను, పైన తలుపు ముందర కుర్చీ నిలిచేంత చదును ఉంచాను. పాత గడప నేలలోకి దిగింది. ద్వారబంధానికి తగిలించకుండా, కాలువలో విడిగా కూర్చోబెట్టాం. అంగడి నేలకూ దానికీ మధ్య అరచెయ్యి పెట్టి రుద్దితే తేడా తెలియలేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని చివర్లో ఉంటుంది, డోర్ క్లోజర్ సర్దడం. తలుపు పైన పెట్టె లాంటిది ఉంటుంది, అందులో నూనె. దాని స్క్రూ ఇటు తిప్పితే తలుపు దభేలుమంటుంది, అటు తిప్పితే ఎప్పటికీ మూసుకోదు. ఆ రెండింటి మధ్య ఒక చోటుంది. అక్కడ ఆపితే తలుపు తెరవడానికి పిడి మీద ఒక్క వేలు చాలు, మూసుకునేటప్పుడు మాత్రం మనిషి లోపలికి వెళ్లి, చీర కొంగు కూడా వెళ్లిపోయాక, ఊపిరి వదిలినంత నెమ్మదిగా వచ్చి ఆగుతుంది. ఆ మధ్యాహ్నం అంగడి ఖాళీ. ఎండ తలుపు రెక్క మీద నుంచి జారి నేల మీద పడుతోంది. నేను తెరుస్తూ, వదిలేస్తూ, మళ్లీ తెరుస్తూ ఎంతసేపు ఉన్నానో నాకే తెలియదు. కలలో తలుపులు అచ్చం అట్లాగే మూసుకుంటాయి.

ఆస్పత్రి నుంచి ఒక చక్రాల కుర్చీ అడిగి తెప్పించి, నేనే కూర్చుని లోపలికీ బయటికీ తిరిగి చూశాను. గడప మీద చక్రం ఎక్కింది, దిగింది, కుర్చీ కదలనే లేదు. ఆఫీసరు వచ్చి కొలిచి తల ఊపాడు. పద్మావతికి కబురు పంపించారు, శుక్రవారం పొద్దున రమ్మని.

శుక్రవారం నేను మా ఆవిడను కూడా వెంటబెట్టుకుని వెళ్లాను, చీర కొనిపెడతానని. ఆచారి కూడా తాంబూలానికి వచ్చాడు, చెక్క పని ఎక్కడైనా బిగదీయాల్సి వస్తుందేమోనని సామాను సంచితో సహా. వాకిలి చూస్తే కళ్లు చెదిరాయి. మామిడాకుల తోరణం, బంతిపూలు. అవ్వ తెల్లవారకముందే లేచి నేలలోని గడపకు దట్టంగా పసుపు పూసి, కుంకుమ బొట్లు వరసగా పెట్టి, పైన పూలరేకులు చల్లింది. వచ్చేవాళ్లు వస్తున్నారు. గడప నేలకు సమానంగా ఉందని వాళ్ల కాళ్లకు తెలియదు. అందరూ అక్కడికి రాగానే కాలెత్తి, లేని ఎత్తును దాటి లోపలికి పోతున్నారు. మా ఆవిడ కూడా అంతే. చూసి నవ్వుకున్నాను.

పద్మావతి వచ్చింది. ఉతికి ఇస్త్రీ చేసిన ఆకుపచ్చ చీర, తలలో కనకాంబరాలు. వాలుదారి మీద ఎవరి చెయ్యీ తగలకుండా పైకి వచ్చింది. పిడి మీద వేలు పెట్టింది, తలుపు తెరుచుకుంది. లోపల రంగురంగుల చీరల మడతలు గోడ పొడుగునా దీపాల కింద మెరుస్తున్నాయి. ఆమె ముఖం వెలిగిపోయింది. కుర్చీ కొంచెం ముందుకు తోసుకుని, కిందికి చూసి, ఆగిపోయింది.

పిడి మీద ఆమె చెయ్యి ఉన్నంతసేపూ తలుపు ఓపిగ్గా తెరుచుకునే ఉంది. 

"రా పాపా, రా" అన్నాడు నాగభూషణం లోపలి నుంచి.

"గడప ఉండాదన్నా."

"నేలకి సమానంగా ఉండాది గదా. గంగాధరన్న నిన్న కూచోని తిరిగి చూసినాడు."

"పసుపు పూసినారు గదన్నా. దాని మింద చక్రం యెట్ల ఎక్కిచ్చేది?"

 ముందురోజు నేను తిరిగినప్పుడు అది వట్టి చెక్క. పసుపు పడ్డాక అది గడప. కాళ్లున్నవాళ్లు దాటుతారు. చక్రం ఎట్లా దాటుతుంది? చక్రానికి ఎత్తడం రాదు కదా. ఆఫీసరు చూశాడు, ఆచారి చూశాడు, నాగభూషణం చూశాడు, అవ్వతో నేను అరగంట వాదించాను. ఆ వాకిట్లో రోజూ రావలసిన మనిషిని ఒక్క మాట అడగాలని మాలో ఎవరికీ తోచలేదు.

నాగభూషణానికి చిరాకు వచ్చింది. వెనక కొనుగోలుదారులు ఆగిపోతున్నారు. "పైన కార్పెట్ ముక్క వేస్తాం, రా" అన్నాడు.

"కింద ఉండేది ఏందో నాకి తెలుసు గదన్నా."

"అయితే ఈ పొద్దుకి ఇద్దరం పట్టుకోని ఎత్తి పెడతాం."

"ఈ పొద్దు ఎత్తితే దినామూ ఎత్తల్ల. అట్లయితే సీటు లేదని నువ్వే చెప్పినావు" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పిడి వదిలి, కుర్చీ వెనక్కి తిప్పుకోవడానికి చక్రం మీద చెయ్యి వేసింది. తలుపు నేను సర్దిన ప్రకారమే, నెమ్మదిగా, ఆమె ముందు మూసుకోవడం మొదలుపెట్టింది. నేను పోయి రెక్క పట్టుకున్నాను. 

అప్పటికి అవ్వ కర్ర పట్టుకుని వాకిలి దాకా వచ్చింది. "నేను చెప్తాండా పాపా. పసుపు పూసింది నేను. నువ్వు దాని మిందనే రా, ఏమీ కాదు."

పద్మావతి తల అడ్డంగా ఊపింది. "నువ్వు చెప్తావవ్వా, నాకి రాదు. చిన్నప్పుడు నేను పాకతాంటి. గడప దాటాలంటే దాని మింద బోర్లా పడి జారాల. పండగ దినం మాయమ్మ పసుపు పూసింటాది, నేను దాటితే అంతా చెరిగిపోయి నా లంగాకి అంటుకునేది. చూసినోళ్లు, గడప మింద పండుకునే పాప, ఇంటికి అరిష్టం అనేటోళ్లు. మాయమ్మ ఏమీ అనేది కాదు. కడిగి మళ్లా పూసేది. నేను మళ్లా చెరిపేది, ఆయమ్మ మళ్లా పూసేది. చూసి చూసి నాకే బాధయి, పండగ దినాల్లో బయటికి రానే రానని చెప్పేసినాను. ఊరంతా వీధిలో ఉంటే నేను ఇంట్లో కూచుంటాంటి. ఇప్పుడు మళ్లా నాతో చెరిపియ్యొద్దవ్వా."

 మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవ్వ తన వేళ్ల వైపు చూసుకుంది, గోళ్ల సందుల్లో పసుపు ఇంకా పచ్చిగానే ఉంది. తర్వాత ఆచారి వైపు తిరిగింది.

"ఆచారీ, సామాను తెచ్చుకున్నావా?"

"తెచ్చినానవ్వా."

"తీ దాన్ని."

నాగభూషణం అదిరిపడ్డాడు. "అమ్మా, శ్రావణ శుక్రవారం. పసుపు పూసిన గడప పెరుకుతారా ఎవురైనా?"

"పెరికి పారెయ్యమన్నానా? పైకి ఎక్కియ్యమంటాండా. కాళ్ల కింద పెట్టుకోని, తొక్కొద్దు తొక్కొద్దు అని అందర్నీ బెదిరిచ్చే బదులు నెత్తి పైన పెట్టుకోండి. ఆడ ఎవురు తొక్కుతారు? నాకు గడప ఉండాల, పాప లోపలికి రావాల. నాకు రెండూ కావాల" అని, నా వైపు తిరిగి, "ఏమప్పా, నీ రూలు ఒప్పుకుంటాదా?" అంది.

"తల తగలని ఎత్తులో ఏముంటే రూలుకేమవ్వా" అన్నాను. 

విడిగా కూర్చోబెట్టినందుకు మంచిదే అయింది. ఆచారి, నేను రెండు పక్కలా ఉలి దూర్చి లేపితే గడప పసుపుతో, బొట్లతో సహా పైకి వచ్చింది. అవ్వ చెయ్యి వేసి మొక్కి పక్కకు జరిగింది. కాలువలో ఇసుక దిమ్మరించి, వెనక గదిలో మిగిలి ఉన్న నల్లరాతి పట్టీ కోసి పరిచాం. సిమెంటు పని తర్వాత చేసుకోవచ్చు. ఆచారి నిచ్చెన వేసుకుని, తోరణం పక్కకు తీసి, ద్వారబంధం పై అడ్డచెక్కకు ఆనించి గోడలోకి పొడుగు స్క్రూలతో గడపను బిగించాడు. అదే ద్వారబంధం కొలత కాబట్టి సరిగ్గా అమరింది. కింద నిలబడి పట్టుకున్న నా నెత్తి మీద పసుపు రాలింది, కుంకుమ రాలింది. నెలరోజులుగా నేను గీసిన గీతలన్నీ ఒక పక్క, ఈ పని ఒక పక్క అనిపించింది.

అంతసేపూ పద్మావతి బయటే ఉంది. వచ్చేవాళ్లు ఆమెతో పాటు ఆగి, తలలు పైకెత్తి చూస్తున్నారు. పని అయ్యాక అవ్వ లోపలికి పోయి కుర్చీలో కూర్చుంది. "ఇంక రా" అనలేదు ఎవరూ. ఆమె పిడి మీద వేలు పెట్టింది. తలుపు తెరుచుకుంది. రాతి మీద చక్రాలు చప్పుడు లేకుండా దొర్లాయి. సరిగ్గా గడప కిందికి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, పైకి చూసి, చేతులెత్తి మొక్కింది. లోపలికి పోయింది. తలుపు వచ్చి మెల్లగా ఆమె వెనక ఆగింది.

ఆ పూట కౌంటర్ ముందు కూర్చున్న మొదటి బేరం ముదిగుబ్బ నుంచి వచ్చిన తల్లీకూతుళ్లు. సేద్యం చేసుకునేవాళ్లని చేతులు చూస్తే తెలుస్తోంది. చీరలు వేస్తూ పోతుంటే ఆ తల్లి ఒకదాని అంచు పట్టుకుని దగ్గరగా పెట్టుకుని చూసింది. చిన్న ఆకులు, మధ్యలో పసుపుపచ్చ పూలు.

"ఏమే, ఇది చెనిక్కాయ పువ్వు గదా" అంది కూతురితో. "చేన్లో దినామూ చూసే పువ్వు. పట్టుచీర మింద పెట్టినారు చూడు. ఎవురు గీసినారో గానీ, చేను చూసిన మనిషే."

నాకు అప్పుడు గుర్తొచ్చింది, అది వేరుశనగ పువ్వని.  పద్మావతి రెండు చేతులూ కౌంటర్ మీద పెట్టుకుని, ఆ తల్లి ముఖాన్నే చూస్తోంది, రెప్ప వేస్తే ఎక్కడ పోతుందోనన్నట్టు. "నేనే గీసినానక్కా" అని చివరికి చెప్పింది. మా ఆవిడ కూడా పట్టుబట్టి ఆ చెనిక్కాయ పూల చీరే కొనిపించుకుంది. ఆ చీర కట్టుకున్న ప్రతిసారీ పొలానికి పోతున్నావా అని అడుగుతాను. అడిగిన ప్రతిసారీ తిట్లు తింటాను.

ఆ తర్వాత నా పని పద్ధతి ఒకటి మారింది. ఇప్పుడు ఏ ఊళ్లో వాకిలి గీయాల్సి వచ్చినా నిబంధనల పుస్తకాలు రెండూ సంచిలో ఉంటాయి, వాటిని తీసే ముందు మాత్రం ఆ వాకిట్లోంచి రోజూ పోవలసిన మనిషి ఎవరో కనుక్కుని, పోయి వాళ్ల దగ్గర కూర్చుంటాను. నువ్వు ఎట్లా వస్తావు, ఎక్కడ ఆగుతావు, దేన్ని తాకవు అని అడుగుతాను. కొత్తచెరువు ఆస్పత్రి తలుపులకు అట్లా అడగబోతే ఒక ముసలాయన, "తలుపుకింత కథ ఎందుకబ్బా" అని నవ్వాడు. తర్వాత ఆయనే గంటసేపు చెప్పాడు.

ధర్మవరం వైపు పోయినప్పుడు ఆ అంగట్లో కాసేపు కూర్చుంటాను. గడప నిచ్చెన ఎత్తున ఉంది, అవ్వకు అందదు. శుక్రవారం పొద్దున నాగభూషణమే స్టూలెక్కి పసుపు పూయాలి. కింద నుంచి అవ్వ, "ఆ బొట్టు వంకరగా ఉండాది, తుడిచి మళ్లా పెట్టు" అంటుంది. కౌంటర్ దగ్గర నుంచి పద్మావతి, "ఎడం పక్క ఇంకొంచెం అన్నా" అంటుంది. షావుకారు చేతులకు పసుపు, చొక్కాకు కుంకుమ. నన్ను చూసి, "నీ వల్లనే గదన్నా నాకీ ఖర్మ" అంటాడు.

గడప ఉన్న చోట ఇప్పుడు నల్లరాయే ఉంది. అయినా జనం అక్కడికి రాగానే కాలెత్తి దాటుతూనే ఉన్నారు, ఏళ్ల అలవాటు. నేను కూడా ఎత్తుతాను, తెలిసి తెలిసీ. పద్మావతి ఒక్కతే, వేలితో తలుపు తీసి, ఏమీ ఎత్తకుండా, ఎవరూ ఎత్తకుండా నేరుగా లోపలికి పోతుంది.